కన్సిడర్ వెనక ‘టు’ రాదు

‘కన్సిడర్’ (consider) అనే ఇంగ్లిష్ మాట మీద ఒక వ్యాసం వచ్చింది. దాని అర్థం ‘జాగ్రత్తగా ఆలోచించడం’ అని అందులో ఒక్క ముక్కలో తేల్చేశారు. అర్థం సరే, వాడకం సంగతేంటి? అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెబుతుంటాను. వచ్చే పిల్లల్లో చాలామంది ‘అయామ్ కన్సిడరింగ్ టు జాయిన్’ అనే అంటారు. ‘కన్సిడరింగ్ జాయినింగ్’ అనాలి. ప్లాన్, డిసైడ్ లాంటి వాటి వెనక ‘టు’ వస్తుంది కదా, ఆ అలవాటే ఇక్కడికీ పట్టుకొస్తారు.

ఇంకో అర్థం అసలు వదిలేశారు: ఫలానాగా భావించడం. ‘ఐ కన్సిడర్ హిమ్ ఎ ఫ్రెండ్’ అంటే అతని గురించి కూర్చుని ఆలోచిస్తున్నానని కాదు, అతన్ని స్నేహితుడిగానే చూస్తానని. ఈ అర్థంలో ‘అయామ్ కన్సిడరింగ్’ అంటే కుదరదు (మనవాళ్లకు ఐఎన్‌జీ మోజు ఎక్కువ!).

కన్సిడరేట్, కన్సిడరబుల్ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ, మొదటిది ఎదుటివాళ్ల ఇబ్బంది చూసుకుని మసలే మనిషి గురించి, రెండోది ‘చెప్పుకోదగ్గంత’ అనడానికి.

హెచ్‌ఆర్ వాళ్లు ‘వుయ్ విల్ కన్సిడర్ యువర్ ప్రొఫైల్’ అన్నారంటే పరిశీలిస్తామనే, ఉద్యోగం ఇస్తామని కాదు. ఆ ఒక్క మాటకే హాస్టల్లో మిఠాయిలు పంచినవాళ్లూ ఉన్నారు. దాని మీద కూడా రెండు ముక్కలు రాయాల్సింది.