స్టాట్ గారికి ఓ నైట్ డ్యూటీ నర్సు విన్నపం

అయ్యా స్టాట్ గారూ,

లాటిన్ వంశం మీది. అర్థం ‘తక్షణం’. కేస్ షీట్లో మందు పేరు పక్కన మీరు కనిపిస్తే చాలు, ఇక పని అయిపోయినట్టే అని అందరికీ ధీమా. తీరా చూస్తే మీరు ఆ కాగితం మీదే కాపురం పెట్టేస్తారు.

మొన్న రాత్రి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) కేసు సంగతే చూడండి. ఒళ్లు పెద్దగా కాలట్లేదు, అందుకే మొదట ఎవరూ కంగారు పడలేదు. కానీ ఊపిరి నిమిషానికి 28 సార్లు, పై బీపీ 86, మాటలో తికమక. డాక్టరు గారు అయిదు నిమిషాల్లో గుర్తుపట్టి యాంటీబయాటిక్ రాశారు, పక్కన మిమ్మల్నీ రాశారు. ఆర్డరు కంప్యూటర్లో కూర్చుంది. పక్క మంచం దగ్గరున్న నాకు నోటితో ఎవరూ చెప్పలేదు. తెలిశాక చూస్తే కల్చర్ బాటిళ్లు (ఏ క్రిమో తేల్చడానికి రక్తం పట్టే సీసాలు) లేవు, అవి స్టోర్‌లో. స్టోర్ తాళంచెవి ఇంకొకరి జేబులో. మందు ఫార్మసీలో, తేవాల్సిన మనిషి లిఫ్ట్ కోసం ఎదురుచూస్తూ. చివరికి మందు ఒంట్లోకి ఎక్కేసరికి గంటా యాభై నిమిషాలు. షాక్‌లో (అంటే బీపీ ప్రమాదకరంగా పడిపోయి) ఉన్నవాళ్లకి గంటలోపు పడాలని సెప్సిస్ మీద వచ్చిన 2021 అంతర్జాతీయ గైడ్‌లైన్స్ చెప్పాయి. షాక్ లేకుండా సెప్సిస్ అనుమానం మాత్రమే ఉంటే మూడు గంటల్లోపు తేల్చుకోవచ్చు. (ఆ తేడా చూడకుండా జ్వరమొచ్చిన ప్రతివాళ్లకీ మిమ్మల్ని తగిలించి మీ పరువు తీసింది మేమే, ఒప్పుకుంటాను.)

ఇంకో ముచ్చట. రాసినవి రెండు యాంటీబయాటిక్‌లు. వాంకోమైసిన్ గంటకు తక్కువ కాకుండా నెమ్మదిగా ఎక్కాలి. సెఫెపైమ్‌ని అయిదు నిమిషాల్లో నేరుగా ఇచ్చేయొచ్చు. నరానికి పెట్టి ఉన్న ఒక్క సెలైన్ లైన్‌లో మేం ముందు పెట్టింది దేన్నంటారు? వాంకోమైసిన్నే! ఇద్దరి పక్కనా మీరే ఉన్నారు, ఎవరు ముందో ఒక్క ముక్క చెప్పలేకపోయారా?

రెండో డోసు ఊసైతే మీకు అసలు పట్టదు. ఐసీయూలో మంచం ఖాళీ లేక పేషెంటు మా దగ్గరే ఉండిపోయాడు. పైన ఐసీయూవాళ్లు ఇస్తారని మేం, కింద మేమే ఇచ్చేశామని వాళ్లు. మీరు మాత్రం మొదటి డోసు పక్కన టిక్కు పెట్టించుకుని హాయిగా పడుకున్నారు.

అందుకే మిమ్మల్ని అంతగా నమ్ముకోవడం మానేస్తున్నాం. మొదటి డోసు ఇకనుంచి మా అల్మారాలోనే. కల్చర్ బాటిళ్లు కాన్యులా (నరానికి గుచ్చే సన్న గొట్టం) ట్రేలోనే. ఆర్డరు రాసిన డాక్టరు నర్సుని పేరుపెట్టి పిలిచి చెప్పాలి, రెండో డోసు టైము మంచానికి పెద్దక్షరాల్లో తగిలించాలి.

ఈ ఉత్తరం కవరు మీద కూడా ‘స్టాట్’ అని రాద్దామనుకున్నాను. ఎల్లుండికైనా మీకు అందాలి కదా అని మానేశాను.

ఇట్లు,
నైట్ డ్యూటీ నర్సు