‘ఒక్క మంచి పుస్తకం చెప్పండి’ గారికి

మహారాజశ్రీ ‘ఒక్క మంచి పుస్తకం చెప్పండి’ అనే ప్రశ్న గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలెట్టాలని ఉంది గానీ, మొన్న మా ఆఫీసు మిత్రుడి కూతురి పెళ్లిలో మీరు నన్ను పట్టుకున్నప్పటి నుంచి నేనంత కుశలంగా లేను. ఒక చేతిలో ప్లేటు, అందులో పులిహోర మీదికి జారిపోతున్న గుత్తివంకాయ, ఇంకో చేతిలో మంచినీళ్ల సీసా. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన నోట్లోంచి మీరు ఊడిపడ్డారు. “మీరు పుస్తకాలు తెగ చదువుతారటగా! ఒక్క మంచి పుస్తకం చెప్పండి.”

ఆ ‘ఒక్క’ దగ్గరే నాకు టెన్షన్. రెండు చెప్పమన్నా బతికిపోదును.

ఎవరికండీ అనడిగితే, “ఎవరికేమిటి, ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది” అన్నారాయన. ఇంటిల్లిపాదీ అంటే ఎవరో కూడా విప్పి చెప్పారు. భాగవతం తప్ప ఇంకోటి ముట్టని ఎనభై రెండేళ్ల తల్లి, ఎంపీసీలో మునిగి తేలని కొడుకు, డల్లాస్‌లో పుట్టి తెలుగు గలగలా మాట్లాడుతూ ఒక్క అక్షరం కూడా చదవలేని మనవరాలు. నేను పెద్దబాలశిక్ష అన్నాను. “అది మా ఇంట్లో ఉందండీ, మంచిదేదైనా చెప్పండి” అన్నారు.

అయ్యా, పెళ్లిళ్ల పేరయ్య దగ్గరికి వెళ్లి ‘ఒక్క మంచి సంబంధం చెప్పండి’ అంటే ఆయనేం చేస్తాడు? గోత్రం అడుగుతాడు. నక్షత్రం, ఎత్తు, జీతం, ఇంటి లోను, అమెరికా అయితే వీసా ఏ రకమో కూడా అడుగుతాడు. మీరు ఒక్క వివరమూ ఇవ్వరు. కాపురం చెడితే తిట్లు మాత్రం నాకు.

1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది రెండోది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నది మూడోది. అందరికీ కలిపి ఒకటే అని ఆరోది ఎందుకు రాయలేదో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆయన లైబ్రరీలోకి రాకముందు లెక్కల మేష్టారు. ఆ లెక్క తెగదని తెలిసే ఉంటుంది.

నేను మాత్రం తెగుతుందనుకుని చాలా ఏళ్లు భంగపడ్డాను. మా తోడల్లుడు అడిగితే ‘వేయిపడగలు’ చెప్పాను. ఆయన గవర్నమెంటు ఉద్యోగి కదా, పని చేస్తుందని, దీన్ని సాక్షాత్తూ పీవీ నరసింహారావు గారు హిందీలోకి అనువదించారు అని కూడా కలిపాను. ఆరు నెలల తర్వాత వాళ్లింటికి వెళ్తే, గాలికి పడగ్గది తలుపు కొట్టుకోకుండా దానికి అడ్డంగా నిలబడి ఉంది విశ్వనాథ వారి నవల. వాళ్లావిడ కాఫీ తెచ్చేలోపు వంగి తెరిచి చూశాను. ఇరవై మూడో పేజీలో ఆర్టీసీ టికెట్టు, విజయవాడ నుంచి గుడివాడకి. అంటే మనిషి గుడివాడ చేరాడు గానీ, నవలలోని ఊరు సుబ్బన్నపేట పొలిమేర కూడా దాటలేదు. “ఎలా ఉంది అన్నయ్యా?” అన్నాను. “బరువైన పుస్తకమయ్యా” అన్నాడు. అబద్ధమని ఎలా అంటాను?

1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ మా పక్క ఫ్లాటు కుర్రాడికి ఇచ్చాను. వారంలో తెచ్చిచ్చేశాడు. “గిరీశం ఇంగ్లీషు ఓకే అంకుల్. తెలుగే కష్టంగా ఉంది.”

బాబాయి పోయిన నెలకి మా పిన్ని, “ఏదైనా పుస్తకం ఉంటే పట్రారా, పొద్దు గడవట్లేదు” అంది. నేను పెద్దమనిషినైపోయి చావు గురించీ వైరాగ్యం గురించీ రాసిన ఒక గంభీరమైన పుస్తకం పట్టుకెళ్లాను. అట్ట వెనక నాలుగు ముక్కలు చదివి నా చేతిలో పెట్టేసింది. “ఇందులోది నాకిప్పుడు తెలుసురా” అంది. తర్వాత వారం ‘బారిష్టర్ పార్వతీశం’ తీసుకెళ్లాను. పిన్నిది నరసాపురం వైపు. “పార్వతీశానిది మొగల్తూరా! మా ఇంటి పక్కనే కదరా!” అని మంచం మీద కూర్చుని మొదలెట్టింది. వాడు తెలియక ఆడవాళ్ల టోపీ కొనుక్కుని పెట్టుకున్న చోట ఎంత నవ్విందంటే, వంటింట్లోంచి కోడలు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

హమ్మయ్య, మీకు జవాబు దొరికింది అనుకున్నాను. అదే పుస్తకం, అదే ప్రతి, మా ఆఫీసులో కొత్తగా చేరినాయనకి ఇచ్చాను. సోమవారం లంచ్‌లో తిరిగిచ్చేస్తూ, “బానే ఉంది సార్. ఇందులో మెసేజ్ ఏంటి?” అన్నాడు.

తప్పంతా మీ మీదకే తోసేయడం కూడా న్యాయం కాదులెండి. మీరు ఎదురుపడగానే నేను వెతికేది అడిగినాయనకి నచ్చే పుస్తకం కాదు, ‘అబ్బో, ఇవన్నీ చదివాడా!’ అనిపించే పుస్తకం. నేను నిజంగా నిద్ర మానుకుని చదివినవి డిటెక్టివ్ నవలలు. బెజవాడ స్టేషన్‌లో కొని రైలెక్కితే కాజీపేట వచ్చేలోపు హంతకుడెవరో తేలిపోవాలి. ఇన్నేళ్లలో వాటిలో ఒక్కదాని పేరైనా నా నోట్లోంచి వచ్చిందా? మా తోడల్లుడికి అలాంటిది ఇచ్చి ఉంటే గుడివాడలో దిగడం మర్చిపోయేవాడు.

కాబట్టి ఒక విన్నపం. ఇకమీదట ఒంటరిగా రాకండి. అడిగే మనిషి కళ్లద్దాల నంబరు, చదివేది నిద్ర పట్టడానికా నిద్ర మానడానికా, ఈ మధ్య దేనికి ఏడ్చారు, ఆఖరిసారి పూర్తిగా చదివిన పుస్తకమేది (టెన్త్ క్లాసు నాన్‌డిటైల్ అయినా ఫర్వాలేదు), ఈ వివరాలు వెంట తెచ్చుకోండి. నా జాతకం కూడా మీకు ముందే చెప్పేశానుగా.

వచ్చే ఆదివారం మా మేనల్లుడి గృహప్రవేశం. మీరు తప్పకుండా వస్తారని నాకు తెలుసు. ఆ సమయానికి నా నోట్లో ఒక గారె ఉంటుంది. చేతిలో ఇంకోటి సిద్ధంగా ఉంటుంది.

ఇట్లు,
పుస్తకాలు తెగ చదువుతాడట అని పేరుబడ్డవాడు