గేటుకు తాళం, రీల్స్‌పై నింద

కొత్త సెమిస్టరు మొదలైతే చాలు, అమ్మాయిల వసతిగృహాల్లో ఓ అవగాహన సదస్సు. ఇన్‌స్టా కోచ్‌లను నమ్మొద్దు, యూట్యూబ్ చూసి డైటింగ్ చేయొద్దని వేదికనెక్కిన పెద్దల హితబోధ. మరెవరిని నమ్మాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. క్రీడల రుసుము అబ్బాయిలతో సమానంగా వసూలు చేసి, అమ్మాయిలకు జిమ్‌లో గంటో అరగంటో, అదీ ల్యాబ్ జరిగే వేళలో కేటాయించే సంస్థలకు రీల్స్‌ను తప్పుపట్టే అర్హత ఎక్కడిది?

నిజమే, ఫోన్‌లో దొరికే సరుకులో చాలాభాగం చెత్త. ‘వారంలో 5 కిలోలు తగ్గండి’ అన్న వీడియోనే తీసుకుందాం. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. అయిదు కిలోలకు 38,500, అంటే రోజుకు 5,500. 55 కిలోల విద్యార్థిని రోజంతా ఖర్చు చేసేదే 1,800 అటూఇటూ. వారమంతా పస్తున్నా ఈ లెక్క కుదరదు. తూకం ముల్లు కిందికి దిగితే పోయింది ఎక్కువగా నీరు, కొంత కండ. పొట్ట తగ్గిస్తామనే ‘డిటాక్స్’ టీలు కొన్నింటిలో ఉండేది సునాముఖి ఆకు, మన నాయనమ్మలకు తెలిసిన విరేచనాల మందు. కొవ్వు ఉన్నచోటే ఉంటుంది, ఒంట్లోని లవణాలు పోయి నీరసం మిగులుతుంది.

వ్యాయామం సంగతీ అంతే. రీల్ చూసి తొలిరోజే వంద స్క్వాట్స్ తీసిన అమ్మాయి మూడోరోజు మెట్లు దిగలేక మానేస్తుంది. నొప్పులతో పాటు మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగితే కండరాలు దెబ్బతిన్నట్టని, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని ముప్పై సెకన్ల వీడియో చెప్పదు. పక్కన శిక్షకురాలు ఉంటే చెప్పేది చాలా మామూలు మాట: వారానికి రెండు రోజులు చాలు. కుర్చీ అంచుకు పిరుదులు తాకేదాకా దిగి లేవాలి, ఎనిమిది నుంచి పదిసార్లు, రెండు విడతలు. మోకాళ్లు లోపలికి ఒరగకుండా కాలివేళ్ల వైపే ఉండాలి. పన్నెండు సులువుగా వచ్చాకే చేతిలోకి రెండు కిలోల బరువు. బరువులెత్తితే మగవాళ్లలా కండలొస్తాయన్న భయాన్నీ ఆమే తీర్చేది. ఆ శిక్షకురాలి పోస్టు ఎన్ని క్యాంపస్‌లలో భర్తీ అయింది?

తిండి విషయంలో నిర్లక్ష్యం ఇంకా ప్రమాదకరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే అమ్మాయి ‘లావయ్యాను’ అనుకుని రాత్రి భోజనం మానేస్తోంది. ఆమెకు ముందు కావలసింది డైట్ చార్ట్ కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష. డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువుంటే వైద్యుల సలహాతో ఐరన్ మాత్రలు. వాటికి ముందూ వెనకా ఓ గంట టీ, కాఫీ బంద్. తిండి తగ్గించాక నెలసరి ఆగిపోతే శరీరం హెచ్చరిస్తోందని అర్థం. ఈ నాలుగు ముక్కలు మెస్ గోడకు అంటించిన పాపాన పోయినవారు ఎందరు?

ప్రొటీన్ డబ్బాల మోజు సంగతీ చూద్దాం. జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 50 కిలోల అమ్మాయికి 42 గ్రాములు సరిపోతాయి. ఒక గుడ్డు 6, గ్లాసు పాలు 6, గుప్పెడు పల్లీలు 7, పాతిక గ్రాముల మీల్ మేకర్ 12. మిగిలింది అన్నం, పప్పు నుంచి వచ్చేస్తుంది, ఆ పప్పు నీళ్లలా లేకుంటే. ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని ఆ సంస్థే 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అది ఎక్కడో లేదు, హైదరాబాద్ తార్నాకలో ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకునే ఉంది. తెలుగు రాష్ట్రాల వర్సిటీల్లో వ్యాయామ విద్యా విభాగాలున్నాయి, పోషకాహారం బోధించే హోం సైన్స్ విభాగాలున్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇక్కడ ఫోన్‌లో వెతుక్కుంటున్నది పద్దెనిమిదేళ్ల అమ్మాయి, నిపుణులు చంకలోనే ఉన్న సంగతి చెప్పాల్సిన పెద్దలు సదస్సుల్లో బిజీ.

భద్రత కోసమే వేళలు కుదించామని, సిబ్బంది లేరని అధికారులంటారు. ఇబ్బందులు ఉండొచ్చు. కానీ గ్రౌండులో దీపాలు లేకపోతే దీపాలు పెట్టాలి గానీ ఆడపిల్లల్ని లోపల పెట్టడమేమిటి? రుసుము తీసుకునేటప్పుడు భద్రత గుర్తుకు రాలేదే!

ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతలు వెల్లడించాలని, నిపుణులు కానివారు తమ మాట వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదని స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో నిబంధనలు తెచ్చింది. అమలు అంతంతమాత్రమే. అయినా పక్కా అర్హతలున్న ఆచార్యులను జీతమిచ్చి పెట్టుకుని, వారిని వసతిగృహం గడప తొక్కనీయని విద్యాసంస్థలకు ఏ నిబంధన వర్తిస్తుంది?

వారానికో సాయంత్రం వ్యాయామ విద్య, పోషకాహార అధ్యాపకులను వసతిగృహానికి పంపండి. జిమ్‌లో అమ్మాయిలకు తరగతులు అయ్యాక రెండు గంటలు, ఒక శిక్షకురాలు ఉండాలి. ఇది చేతకాకపోతే ఫీజు రసీదులో ‘క్రీడలు’ పద్దు కింద అమ్మాయిల దగ్గర తీసుకున్న సొమ్ము అణాపైసలతో తిరిగిచ్చేయండి. అప్పటిదాకా ఆ సదస్సులు కట్టిపెట్టండి.