వెయ్యేళ్ల చెట్టుకు ఆకులెన్ని?

చైనాలోని యునాన్ నుంచి వచ్చే పచ్చి పూఎర్ టీ, అంటే కుప్పపోసి మగ్గించకుండా బిళ్లగా నొక్కిన టీ, దానికి చుట్టిన కాగితం మీద కిందటేడాది "ఎనిమిది వందల ఏళ్ల అడవి చెట్టు" అని ఉంది. ఈ ఏడాది అదే దుకాణం, అదే కొండ, అదే చెట్టు బొమ్మ. వయసు మాత్రం వెయ్యేళ్లు. పన్నెండు నెలల్లో రెండు శతాబ్దాలు ఎదిగిన ఆ మహావృక్షానికి ముందుగా రెండు చేతులూ జోడిస్తున్నాను. ధర కూడా దానితోపాటే ఎదిగింది కాబట్టి ఆ ఎదుగుదల అబద్ధమనడానికి వీల్లేదు.

వయసు ఎలా తేల్చారని అడగడం మర్యాద కాదు. కాండంలోకి బరమా దింపి వలయాలు లెక్కపెడదామంటే ముసలి టీ చెట్టు లోపల తరచూ డొల్లగా ఉంటుంది. పైగా కిలోకు వేల యువాన్లు తెచ్చిపెట్టే చెట్టుకు చిల్లు పెట్టనిచ్చే రైతెవరు? చెట్టుకు ఆధార్ కార్డు లేదు, జాతకం లేదు. అమ్మేవాడి నోరే పంచాంగం.

ఆకుల లెక్క అడగడం ఇంకా పెద్ద పాపం. నాలుగు కిలోలకు పైగా పచ్చాకు కోసి, వాడ్చి, మండే మూకుడులో చేత్తో కలియబెట్టి, నలిపి, ఎండబెడితే కిలో ఎండాకు వస్తుంది. దాన్ని ఆవిరి పట్టి, రాతి కింద నొక్కితే 357 గ్రాముల బిళ్ల. అలాంటివి ఏడు కలిపి వెదురు పొరల్లో కడితే రెండున్నర కిలోల కట్ట. మెంగ్‌హై జిల్లాలో లావో బాన్‌జాంగ్ అని బులాంగ్ కొండల్లో ఒక ఊరుంది. హానీ జాతివాళ్ల ఊరు. దాని పేరు మీద దేశమంతా అమ్ముడయ్యే టీ ఆ ఊరి చెట్లు కాసేదానికి ఎన్నో రెట్లని పూఎర్ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఎవరూ ఖండించరు, ఎవరూ అమ్మడం మానరు.

సరే, డబ్బు కట్టాక తాగాలి కదా. తాగడమంటే మామూలు తాగడం కాదు, పరీక్షకు కూర్చోవడం.

గదిలో అగరొత్తి ఉండకూడదు, ఎవరూ సెంటు పూసుకుని రాకూడదు. ఆతిథ్యమిచ్చే ఆయన నారబట్టల్లో, కళ్లు సగం మూసి ఉంటారు. బల్ల మీద కాసు నోట కరుచుకున్న మట్టి కప్ప ఒకటి. బిళ్లలోంచి సూది లాంటి కత్తితో ఏడు గ్రాములు విడదీసి, మూతగిన్నెలో వేసి, సలసల కాగే నీళ్లు పోసి, ఆ మొదటి నీళ్లన్నీ కప్ప నెత్తిన కుమ్మరిస్తారు. కిలో వేల యువాన్ల టీలో తొలి స్నానం కప్పదే. అది పులకించినట్టే కనబడుతుంది, ఎందుకంటే అది మట్టి కప్ప, దానికి వేరే ముఖం లేదు.

రెండో నీళ్లు మనకు. గుక్కెడు పట్టే గిన్నె. జుర్రుమని చప్పుడు చేస్తూ పీల్చాలి, చప్పుడు చెయ్యనివాడు అనుభవం లేనివాడు. నాలుక మీద కాకరకాయ అంత చేదు. ఎవరూ చేదు అనరు. "బలం ఉంది" అంటారు. ఎడమపక్కాయన "వానకు తడిసిన రాయి" అన్నారు. కుడిపక్కావిడ "ఆర్కిడ్ పువ్వు, దాని వెనకాల పాత చెక్కబీరువా" అన్నారు. మూలన కూర్చున్న కుర్రాడు మరీ ఆలస్యం చేస్తే బాగుండదనుకున్నాడో ఏమో, "పొగమంచు" అన్నాడు. పొగమంచును ఎప్పుడు నాకాడో అడగలేదు. తర్వాత ప్రశ్న మొదలవుతుంది: "గొంతులోకి దిగిందా?" అన్నం అయినా గొంతులోకే దిగుతుంది, కానీ ఇక్కడ దిగడం వేరు. చేదు పోయాక వెనక నుంచి తీపి తిరిగి రావాలి. నిజానికి వస్తుంది కూడా, మంచి పచ్చి పూఎర్‌లో ఆ తీపి నిమిషాల తరబడి నోట్లో నిలుస్తుంది. అందులో అబద్ధం లేదు. ఆ తీపికి సీనియారిటీ లిస్టు తయారుచేయడంతోనే నాకు పేచీ. నాలుక చివర ఆగితే వందేళ్లు, గొంతు దాకా వస్తే మూడు వందలు, గుండె దాకా వెళ్తే పై ధర.

ఎనిమిదో పోతకు ఒకాయన "వెన్నులో వెచ్చటి శక్తి పైకి పాకుతోంది" అని కళ్లు మూసుకున్నారు. ఖాళీ కడుపున మరిగే టీ వరసబెట్టి తాగితే ఎవరికైనా చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. దానికి కెఫీన్ అని పాత పేరొకటుంది. ఈయనకది చెట్టు ఆత్మ. పదకొండో పోతకు ఆ శక్తి కిందికి దిగి ముగ్గురిని బాత్రూం వైపు నడిపించింది. చివర్లో ఉడికిన ఆకును తెల్ల పళ్లెంలో పరిచి, కాడను చిటికెన వేలితో నొక్కి చూపిస్తారు: "చూడండి ఎంత లావో! ముసలి చెట్టు!" అందరూ వంగి చూసి తలలూపుతారు. బాగా ఎరువేసిన తోట మొక్క కాడ కూడా లావుగానే ఉంటుందన్న పాడుబుద్ధి ఎవరికీ పుట్టదు.

ఇక దాచుకోవడం. మన ఇళ్లలో పాత బియ్యానికి ఉన్న గౌరవమే అక్కడ పాత పూఎర్‌కు. ఎండలో ఆరబెట్టిన ఆకు కాబట్టి ఏళ్లకేళ్లు మెల్లగా మారుతూ పోతుంది, చేదు తగ్గి రంగు ముదురుతుంది. హాంకాంగ్ చెమ్మలో త్వరగా, యునాన్ రాజధాని కున్‌మింగ్ పొడిగాలిలో నిదానంగా. అంత ఓపిక లేనివాళ్ల కోసమే 1973లో కున్‌మింగ్ ఫ్యాక్టరీలో ఆకును తడిపి కుప్పపోసి వారాల్లో మగ్గించే పద్ధతి తయారైంది. పచ్చి టీ భక్తులు దాని పేరెత్తితే ముక్కు చిట్లిస్తారు.

అయితే పాత బియ్యాన్ని ఎప్పుడో ఒకనాడు ఎవరో వండుకుని తింటారు. దక్షిణ చైనా నగరం గ్వాంగ్‌జౌలోని ఫాంగ్‌సున్ టీ మార్కెట్లో పేరున్న బిళ్లలు పెట్టెలతో సహా షేర్లలా చేతులు మారతాయి. విప్పని పెట్టెకు ఒక ధర, విప్పితే తక్కువ ధర. అంటే తాగడానికి ప్రయత్నిస్తే జరిమానా అన్నమాట. 2007లో ధరలు ఆకాశానికెక్కి అదే ఏడాది కుప్పకూలాయి. యునాన్‌లోని సిమావో నగరం తన పేరును పూఎర్ అని మార్చుకున్నదీ సరిగ్గా ఆ ఏడాదే. టైమింగ్ అంటే అదీ! అంతకుముందు మెంగ్‌హై ఫ్యాక్టరీ బిళ్లలకు 7542 లాంటి నంబర్లుండేవి: మొదటి రెండంకెలు ఆ టీ మిశ్రమం కుదిరిన ఏడాది, మూడోది ఆకు గ్రేడు, చివరిది ఫ్యాక్టరీ. నాలుగంకెల్లో చెప్పాల్సిందంతా చెప్పేవాళ్లు. అందులో ఏ చెట్టు వయసూ లేదు.

ఇంతవరకు నవ్వుకున్నాం. "అడవి చెట్టు" అనే దగ్గర నాకు నవ్వు రాదు.

ఎవరూ నాటని టీ చెట్లు యునాన్ అడవుల్లో లేకపోలేదు. వాటిలో చాలావరకు టాలియెన్సిస్ లాంటి వేరే జాతులు, చైనా చట్టం రక్షించే మొక్కలు. కానీ "అడవి" పేరుతో మీకు అమ్మేది ఎక్కువగా అది కాదు. అవి మనుషులు నాటిన తోటలు. జింగ్‌మాయ్ కొండ మీద బులాంగ్, దాయ్ జాతివాళ్లు పదో శతాబ్దం నుంచి పెద్ద చెట్ల నీడన టీ చెట్లు పెంచుతున్నారు. 2023లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అడవి అని కాదు, వాళ్లు పెంచిన టీ వనాలని. బులాంగ్‌ల మూలపురుషుడు పా ఐలెంగ్ పోతూ పోతూ ఏమన్నాడో వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు: పశువులిస్తే రోగమొచ్చి చస్తాయి, బంగారమిస్తే ఖర్చైపోతుంది, అందుకే టీ చెట్లు ఇచ్చి వెళ్తున్నాను. తరాల తరబడి కలుపు తీసి, కొమ్మ నరికి, పురుగు ఏరి కాపాడినవాళ్లుంటే, ఏసీ గదిలో కూర్చుని దాన్ని అడవి అనడానికి నోరెలా వచ్చింది? అడవి అంటే యజమాని లేడని అర్థం. నాటినవాడు లేడని, చెమట లేదని, కాబట్టి బాకీ కూడా లేదని. వయసును వెయ్యేళ్లకు పెంచడం వచ్చిన వీళ్లకు, ఆ వెయ్యేళ్లూ అక్కడ మనుషులున్నారన్న లెక్క మాత్రం రాదు!

ఇప్పుడు ఇంకో ముచ్చట మొదలైంది. డబ్బున్నవాళ్లు ఒక్కో చెట్టు వసంతకాలపు ఆకు మొత్తం ముందే కొనేసి, కాండానికి తమ పేరుతో బోర్డు తగిలిస్తున్నారు. ఆ చెట్టు నాటినవాళ్ల ముని ముని మనవరాలు సంచి మెడకు తగిలించుకుని, బోర్డుకు కాలు తగలకుండా పక్క కొమ్మ మీదికెక్కి ఆకు కోస్తుంది. రంగుల కరపత్రంలో ఆవిడ ఫొటో పెద్దదే వేస్తారు. కింద "స్థానిక మహిళ" అని ఉంటుంది. చెట్టుకు మాత్రం పేరుంది, నంబరుంది, ఇన్సూరెన్స్ కూడా అడుగుతున్నారట.