కర్లింగ్ రాయి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రాయి గారికి,

మంచు మీద తమరిని జార్చి, గీసిన వలయాల నడిమికి చేర్చే ఆటే కర్లింగ్. ఆడవాళ్ల కర్లింగ్‌లో పర్మనెంట్ ఉద్యోగం ఉన్నది తమరికొక్కరికే. అందుకే ఈ అర్జీ సంఘాలకీ స్పాన్సర్లకీ కాకుండా నేరుగా తమరికే పెట్టుకుంటున్నాం.

తమరి పుట్టిల్లు స్కాట్లండ్ తీరంలోని ఐల్సా క్రెయిగ్ దీవి. ఒళ్లంతా కామన్ గ్రీన్ గ్రానైట్, ఢీకొట్టినా పగలదు. అడుగున బ్లూ హోన్, నీళ్లు పీల్చదు. పీల్చే రకమైతే లోపల గడ్డకట్టి పెచ్చులూడిపోయేది. అడుగుపట్టీ అరిగి నున్నబడితే గరుకు కాగితం రుద్ది మళ్లీ మెలిక తిరిగేలా చేస్తారు. అదే తమరికి ఆపరేషన్. కెనడా జట్టు స్కిప్ (అంటే కెప్టెన్) జెన్నిఫర్ జోన్స్‌కి 2012లో మోకాలికి నిజం ఆపరేషనే అయింది, అదే ఏడు కాన్పు కూడా. ఆ మోకాలితోనే జారుతూ 2014 సోచీ ఒలింపిక్స్‌లో పదకొండుకి పదకొండు మ్యాచ్‌లూ గెలిచి స్వర్ణం పట్టుకెళ్లింది. ఆవిడ వృత్తి లాయరు. 2006, 2010 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన స్వీడన్ స్కిప్ అనెట్ నోర్‌బెర్గ్ బీమా లెక్కలు వేసే ఆక్చువరీ. తమరికి మాత్రం ఇంకో ఉద్యోగం చేసుకోవాల్సిన ఖర్మ లేదు.

ఒక్కటి ఒప్పుకోవాలి. షాట్‌పుట్ గుండులా తమరు ఆడవాళ్లకని బరువు తగ్గరు. ఎవరు విసిరినా 17.24 నుంచి 19.96 కిలోల లోపే.

ఇక తమరి గుణాలు. ఒకే క్వారీ బిడ్డలై ఉండి, పదహారు మందీ పదహారు దారులు! ఒకరు ముందే వంకర తిరుగుతారు, ఒకరు చివరిదాకా బిగబట్టుకుని కూర్చుంటారు. రాత్రి ఆటలయ్యాక జట్టులోని ఐదో ప్లేయర్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో రాయినీ విసిరి చూస్తుంది. హాగ్ లైన్ (రాయిని వదిలెయ్యాల్సిన గీత) నుంచి అవతలి హాగ్ లైన్‌కి 14 సెకన్లా, పద్నాలుగున్నరా? ఎంత మెలిక? ఇలా జాతకాలు చూసి, ఒక్కో ప్లేయర్‌కి రెండేసి చొప్పున జతలు కలిపి, బాగా కుదిరిన జతను సాధారణంగా స్కిప్‌కి ఇస్తారు. ఇంత చేశాక మంచు మీద రాలిన ఒక్క వెంట్రుక అడుగున చిక్కితే చాలు, తమరు దారి తప్పుతారు. మళ్లీ విసరనివ్వరు. స్కోరుబోర్డులో వెంట్రుక పేరుండదు, స్కిప్ పేరే ఉంటుంది.

తమరి పిడిలోని సెన్సార్ గురించి చెప్పకపోతే ఎలా? హాగ్ లైన్ చేరేలోపు చెయ్యి వదలకపోతే ఎర్ర లైటు వెలుగుతుంది, రాయి బయటికి. కోర్టులోనైతే అప్పీలుకైనా పోవచ్చు.

అసలు ఫిర్యాదు 2022 బీజింగ్ ఒలింపిక్స్‌ది. కెనడా, బ్రిటన్, జపాన్ తలా ఐదు గెలిచి నాలుగు ఓడాయి. ఒకరినొకరు ఓడించుకున్న లెక్కా చక్రంలా తిరిగి ఎటూ తేలలేదు. అప్పుడు చూసిందేమిటంటే, ప్రతి మ్యాచ్‌కి ముందు హౌస్ అనే ఆ వలయాల నడిబొడ్డుకి విసిరే రాళ్లు మధ్యకి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగాయని. ఆ సగటులో వెనకబడి జోన్స్ జట్టు ఇంటికి పోయింది, మిగతా ఇద్దరూ ఫైనల్ ఆడారు. ఎవరూ చప్పట్లు కొట్టని ఆ రాళ్ల దగ్గరే తమరు కాస్త పెద్దమనసు చేసుకుని ఉండాల్సింది.

తమరు మంచి చేయలేదని కాదు. 2005లో కెనడా మహిళల జాతీయ పోటీ స్కాటీస్ (అప్పటి పేరు స్కాట్) ఫైనల్లో ఆఖరి రాయి హౌస్ బయటి రాయిని తాకి, లోపలికి మళ్లి, బొడ్డు మీదున్న ప్రత్యర్థి రాయిని గెంటేసింది. ఒక్కసారే నాలుగు పాయింట్లు, జోన్స్‌కి మొదటి టైటిల్. అలాంటి దయ ఆరు టైటిళ్ల దాకా సాగింది. 2024 ఫైనల్లో మాత్రం ప్రత్యర్థి స్కిప్ రేచల్ హోమన్ వైపు తిరిగి జోన్స్‌ని 5–4తో సాగనంపారు.

ఒలింపిక్స్ అవగానే జట్లు విడిపోతాయి, కొత్త పొత్తులు మొదలవుతాయి. తమరిని మాత్రం ఎవరూ జట్టులోంచి తీసెయ్యరు. కనుక ఆ వెంట్రుకల సంగతైనా కాస్త చూసుకోగలరు.

ఇట్లు,
సోమవారం ఆఫీసులో సెలవు చీటీ ఇవ్వాల్సిన స్కిప్‌ల తరఫున