ఇల్లిచ్చినా ఉండరా?

"రోడ్డు మీద పడుకునేవాళ్ళకి ఇళ్ళివ్వడం దండగ. ముందు మందు మాన్పించండి, పని నేర్పించండి, తర్వాత చూద్దాం. ఇచ్చినా ఉండరు, వాళ్ళకి రోడ్డే ఇష్టం. ఖర్చు మాత్రం మన నెత్తిన, గొడవలు మన వీధిలో." ఇదే అర్థం వచ్చే మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పంపేవాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు, విన్నది నిజమనుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"ముందు మందు మానాలి." వినడానికి సబబుగానే ఉంటుంది. చాలా దేశాలు ఏళ్ళ తరబడి ఇలాగే నడిపాయి కూడా: మొదట షెల్టర్, ఆపైన చికిత్స, ఆపైన తాత్కాలిక గది, అన్నీ దాటితే చివరికి ఇల్లు. మధ్యలో కాలు జారితే మళ్ళీ మొదటి మెట్టుకే. అయితే చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని సగం నిద్రే పోయే మనిషి మాత్రలు ఎక్కడ దాచుకోవాలి? డాక్టర్ దగ్గరికి ఏ వేళకి వెళ్ళాలో ఎలా గుర్తుపెట్టుకోవాలి? 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు ఈ వరసని తిరగేశాడు. ముందు ఇల్లు, మిగతావన్నీ తర్వాత. అలాగని ఊరికే ఇచ్చెయ్యలేదు. వచ్చే ఆదాయంలో 30 శాతం అద్దె కింద కట్టాలి, ఇంటికొచ్చే సిబ్బందిని కలవాలి.

కెనడాలో ఇదే పద్ధతిని 5 నగరాల్లో పరీక్షించారు. మానసిక సమస్యలున్న నిరాశ్రయులు 2,000 మందికి పైగా పాల్గొన్నారు. ఎవరికి ఏ పద్ధతో లాటరీ తీసినట్టు నిర్ణయించారు. చివరి 6 నెలలూ ఇల్లు వదలకుండా ఉన్నవాళ్ళు 'ముందు ఇల్లు' గుంపులో 62 శాతం, మామూలు సేవలు అందుకున్న గుంపులో 31 శాతం. ఒక మాట దాచకుండా చెప్పాలి: తాగుడు, మత్తు అలవాట్ల విషయంలో మాత్రం రెండు గుంపులకీ పెద్ద తేడా కనబడలేదు. ఇల్లు వ్యసనానికి మందు కాదు. కానీ వ్యసనం ఉన్నవాడు ఇంట్లో ఉండలేడన్న మాట తప్పని తేలింది.

"వాళ్ళకి రోడ్డే ఇష్టం." ఇక్కడ షెల్టర్‌నీ ఇంటినీ కలిపేస్తున్నారు. భార్యాభర్తల్ని విడదీసి, కుక్కని బయట వదిలేయమని, పొద్దున్నే ఖాళీ చేయమని చెప్పే చోటికి రానంటే, దాన్ని ఇల్లొద్దనడం అంటామా? తరచూ జైలుకి వెళ్ళొచ్చే నిరాశ్రయులకి అమెరికాలోని డెన్వర్ నగరం 2016 నుంచి ఇళ్ళిస్తే, 3 ఏళ్ళ తర్వాత కూడా 77 శాతం మంది స్థిరంగా ఇంట్లోనే ఉన్నారు. ఫిన్లాండ్ ఇంకో అడుగు వేసి, షెల్టర్లనే ఫ్లాట్లుగా మార్చి, అద్దె ఒప్పందం ఉండేవాడి పేరు మీదే రాసింది. 1980ల చివర్లో 18,000 దాకా ఉన్న నిరాశ్రయుల సంఖ్య 2023కి 3,400 దగ్గరికి దిగింది. 2024లో మళ్ళీ కాస్త పెరిగింది. ఒకసారి చేసి చేతులు దులిపేసుకునే పని కాదిది.

ఇక ఖర్చు. రోడ్డు మీద మనిషి ఉన్నా ఖర్చవుతూనే ఉంటుంది. అంబులెన్స్, ఎమర్జెన్సీ వార్డు, పోలీసులు, జైలు, ఇవేవీ ఉచితం కాదు. డెన్వర్‌లో ఇళ్ళు దొరికినవాళ్ళ అరెస్టులు మిగతావాళ్ళతో పోలిస్తే 40 శాతం తగ్గాయి. అయితే ప్రతి ఇల్లూ డబ్బు మిగులుస్తుందని ప్రచారం చేసే మావైపు వాళ్ళతో కూడా నేను ఏకీభవించను. కెనడాలో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టించిన 10 శాతం మందిపై పెట్టిన ప్రతి 10 డాలర్లకీ 21 డాలర్లకి పైగా ఆదా అయింది. మిగతావాళ్ళ విషయంలో పెట్టినదంతా తిరిగి రాలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రం ఏళ్ళ తరబడి నిరాశ్రయులుగా ఉన్నవాళ్ళ సంఖ్యని 91 శాతం తగ్గించేసిందన్న వార్త కూడా అప్పట్లో మారుమోగింది. అందులో కొంత భాగం లెక్కించే పద్ధతి మారడం వల్ల వచ్చిన తగ్గుదలే.

"గొడవలు మన వీధిలో." ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. తాళంచెవి చేతిలో పెట్టి మళ్ళీ ఎవరూ ఆ తలుపు తట్టకపోతే గొడవలే వస్తాయి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. హ్యూస్టన్‌లో 100కి పైగా సంస్థలు పనిచేస్తున్నాయి. 2011 తర్వాత అవన్నీ ఒకే జాబితా మీదికొచ్చాయి: ఎవరి పరిస్థితి ఎక్కువ ప్రమాదంలో ఉందో వాళ్ళకి ముందు, ఖాళీ ఇళ్ళు వెతికేది ఒకరు, ఇంట్లో చేరాక వెళ్ళి చూసేది ఇంకొకరు. అక్కడ నిరాశ్రయుల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. అద్దెలు మరీ మండిపోకపోవడమూ కలిసొచ్చిందనుకోండి.

కాబట్టి మీ వీధిలో ఇలాంటి ఇళ్ళు వస్తున్నాయని తెలిస్తే మెసేజ్ ఫార్వర్డ్ చేసే బదులు మీటింగ్‌కి వెళ్ళండి. ఇంటికొచ్చి బాగోగులు చూసే ఒక్కో ఉద్యోగికి (కేస్ వర్కర్‌కి) ఎంతమందిని అప్పగిస్తారు? రాత్రి పదకొండింటికి గొడవైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఎత్తేది ఎవరు? రెండో ఏడాది నిధులు ఎక్కడినుంచి? వీటికి వాళ్ళ దగ్గర జవాబు లేకపోతే అభ్యంతరం చెప్పండి, మీ పక్కన నేనూ నిలబడతాను.