ప్రతి దాడికీ ముందు సేవ్ కొట్టమనే మహానుభావులకు

‘కొత్తగా వార్‌గేమ్ ఆడేవాళ్లు తెలుసుకోవాల్సిన ఐదు నిజాలు’ అనే మెసేజ్ గ్రూపు మార్చినా వెంటపడుతూనే ఉంది. దాని సారాంశం ఇదీ. ఒకటి, ఈ ఆటలకు డబ్బూ, గేమింగ్ లాప్‌టాపూ కావాలి. రెండు, రూల్ బుక్ బట్టీ పట్టాలి. మూడు, కంప్యూటర్ పాచికల్లో మోసం చేస్తుంది. నాలుగు, అందుకే ప్రతి దాడికీ ముందు సేవ్ చేసి, దెబ్బ తప్పితే లోడ్ చేసుకోవాలి. ఐదు, బంగారం మొత్తం ఖరీదైన సైనికుల మీదే పెట్టాలి. ఉదాహరణగా అందులో చూపించింది, వంతులవారీగా సైనికుల్ని నడిపి యుద్ధం చేసే కంప్యూటర్ ఆట ‘బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్’ని. పాపం, ఆ ఆట ఏం చేసిందని!

మొదటిదానికి రెండు ముక్కలు చాలు. వెస్‌నాత్ 2003 నుంచీ ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్‌లో ఆడుకోవచ్చు.

రెండోది. పులిజూదం వచ్చినవాళ్లకు ఇందులో బట్టీ పట్టేదేమీ లేదు. పటమంతా ఆరు పలకల గళ్లు. పక్క గడిలో ఉన్నవాణ్ని కొట్టొచ్చు. శత్రువు పక్క గడిలో అడుగుపెడితే ఆ టర్న్‌కి, అంటే ఆ వంతుకి, నడక అక్కడితో ఆగిపోతుంది. ఈ ఒక్క నియమం వల్లే ఇద్దరు సైనికుల మధ్య రెండు గళ్లు ఖాళీ వదిలినా ఒక్క టర్న్‌లో మామూలు సైనికుడెవడూ దూరి వెళ్లలేడు. అంటే నలుగురితో పది గళ్ల వరస కాపాడొచ్చు. అన్నిటికంటే కింది మెట్టు, లెవెల్ సున్నా రైతుని నిలబెడితే మాత్రం ఈ అడ్డు పనిచేయదు. శత్రువు ఎంతదూరం రాగలడో చూడాలంటే కంట్రోల్, వి కలిపి నొక్కాలి. వేసిన అడుగు నచ్చకపోతే యు నొక్కితే వెనక్కి వస్తుంది, ఈలోగా పోరు జరక్కపోతే, పటాన్ని కప్పే పొగమంచులో కొత్తగా ఏమీ బయటపడకపోతే. ముందు ట్యుటోరియల్, తర్వాత నాలుగే ఘట్టాలున్న ‘ఎ టేల్ ఆఫ్ టూ బ్రదర్స్’ అనే కథ. మొదలుపెట్టడానికి ఇంతకుమించి చదువు అక్కర్లేదు.

ఇక మూడూ నాలుగూ. అసలు కడుపుమంట ఇక్కడే.

‘60 శాతం అని చూపించి మూడు దెబ్బలూ తప్పించింది, మోసం కాకపోతే ఏమిటి?’ అని మెసేజ్ గద్దిస్తుంది. 60 శాతం తగిలే దెబ్బ మూడుసార్లూ తప్పే అవకాశం 6.4 శాతం. ఒక టర్న్‌లో ఆరుగురితో ఇలాంటి దాడులు ఆరు చేయిస్తే, వాళ్లలో కనీసం ఒకరికి మూడూ తప్పే అవకాశం దాదాపు 33 శాతం. అంటే మూడు టర్న్‌లకోసారి ఎవడో ఒకడు గాలిని పొడుస్తూ కనబడాలి. కనబడకపోతేనే అనుమానించాలి. అయినా నమ్మకం కుదరకపోతే మెనూలో గణాంకాల తెర ఉంది. మీ సైన్యం ఇచ్చిన దెబ్బా, లెక్క ప్రకారం ఇవ్వాల్సిన దెబ్బా పక్కపక్కనే చూపిస్తుంది, తిన్నవాటితో సహా. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లకు మద్దెల విప్పి చూపించే ఆట ఇది. చూడరు, ఫార్వార్డ్ చేస్తారు.

మరి లోడ్ చేస్తే తప్పేంటి? ఎవరి ఆట వాళ్లిష్టం, అందులో పాపమేమీ లేదు. కానీ దాన్ని కొత్తవాళ్లకు ‘చిట్కా’గా అమ్మడమే దారుణం. లెక్క చూడండి.

ఈటె పట్టిన మీ స్పియర్‌మన్ ఖరీదు 14 బంగారం, ప్రాణం 36, ఒక్కో దాడిలో పోట్లు 7 చొప్పున మూడు. ఎదురుగా ఆర్క్ అనే రాక్షసజాతి సైనికుడు గ్రంట్: ఖరీదు 12, ప్రాణం 38, వేటు 9 చొప్పున రెండు. స్పియర్‌మన్‌కి పగలు పాతిక శాతం బలం పెరిగి, రాత్రి పాతిక శాతం తగ్గుతుంది. ఆర్క్‌కి సరిగ్గా తిరగేసి. కాబట్టి పగలు మీ పోటు 9, వాడి వేటు 7. రాత్రి మీది 5, వాడిది 11. మైదానంలో ఎవరి దెబ్బయినా తగిలే అవకాశం 60 శాతం. మీవాడు గ్రామంలో నిలబడితే వాడికి తగిలేది 40 శాతమే.

ఇప్పుడు మెసేజ్ చెప్పినట్టే చేద్దాం. రాత్రిపూట మైదానంలోకి స్పియర్‌మన్‌ని తోశారు. మూడు పోట్లూ తగిలే అవకాశం 21.6 శాతం కాబట్టి, సగటున నాలుగైదుసార్లు లోడ్ చేస్తే ‘అద్భుతం’ జరుగుతుంది. గ్రంట్‌కి 15 పోయి ఇంకా 23 మిగిలే ఉంటుంది. తర్వాత వాళ్ల వంతు. ముగ్గురు గ్రంట్‌లు కలిసి మీవాడి మీద పడతారు. మీ దాడిలో ఎదురుదెబ్బ ఒక్కటీ తగల్లేదనుకున్నా, ఆరు వేటుల్లో నాలుగు తగిలితే చచ్చాడు. ఆ అవకాశం 54 శాతం. దానికీ లోడ్ చేస్తారా? చేయండి, రాత్రంతా మీదే.

అదే స్పియర్‌మన్‌ని రెండడుగులు వెనక్కి లాగి గ్రామంలో పెడితే ఆ రాత్రే ఆ 54 కాస్తా 18 అవుతుంది, పైగా టర్న్‌కి 8 ప్రాణం తిరిగొస్తుంది. పగటిదాకా ఆగితే ఇంకా తమాషా. వేటు 7 కాబట్టి ఐదు తగిలినా 35 పోయి, ఒక్క ప్రాణంతో మీవాడు నిలబడే ఉంటాడు. ఆరుకి ఆరూ తగలాలి: మైదానంలో 4.7 శాతం, గ్రామంలో అర శాతం కూడా కాదు. సైనికుడూ అదే, పాచికలూ అవే. మారింది చోటూ వేళా. ఆట మొత్తం ఈ లెక్కలోనే ఉంది. లోడ్ బటన్ సరిగ్గా దీన్నే కనబడకుండా చేస్తుంది. అలా నెట్టుకొచ్చినవాడు నాలుగో ఘట్టందాకా మహావీరుడే. ఆ తర్వాత ఎన్ని లోడ్లు కొట్టినా చాలని పటం వస్తుంది, మర్నాడు ‘ఐదు నిజాలు’ మెసేజ్ పుడుతుంది.

దాడి ఖరారు చేసే పెట్టెలోనే డ్యామేజ్ లెక్కల బటన్ ఉంది. నొక్కితే ఆ దాడి తర్వాత ఎవరికి ఎంత ప్రాణం, ఎంత అవకాశంతో మిగులుతుందో పట్టీ వేసి చూపిస్తుంది. సేవ్ చేయడానికి పట్టే సమయం కూడా పట్టదు. పైగా ఆటే ప్రతి టర్న్‌కీ సేవ్ చేసుకుంటుంది, మీరు శ్రమపడనక్కర్లేదు.

ఐదోది, ఖరీదైన సైన్యం. 100 బంగారానికి గుర్రపు రౌతులు, అంటే హార్స్‌మన్‌లు, నలుగురు వస్తారు, స్పియర్‌మన్‌లు ఏడుగురు. నలుగురితో పది గళ్లు, ఏడుగురితో పంతొమ్మిది. హార్స్‌మన్ దూకుడులో ఇచ్చే దెబ్బా, తినే దెబ్బా రెండూ రెట్టింపు. పగటిపూట శత్రు స్పియర్‌మన్ మీదికి దూకితే ఎదురు పోటు ఒక్కోటి 21, ముందు పొడిచేదీ వాడే. రెండు తగిలితే 38 ప్రాణమున్న హార్స్‌మన్ కథ ముగిసింది, 23 బంగారం బూడిద. చూడాల్సింది ధర కాదు, రకం. అస్థిపంజరం మీద ఈటె పోటు 7 కాస్తా 3 అవుతుంది, బరువైన కవచమున్న హెవీ ఇన్‌ఫాంట్రీ సైనికుడి గద దెబ్బ 11 నుంచి 13కి పెరుగుతుంది. అదీ వేకువ, సంధ్య వేళల్లో. రాత్రి గదకీ కోత తప్పదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ రాసినవాళ్ల ఉక్రోషం ఊరికే పుట్టలేదు. పొడవాటి కథల్లో ఈ ఆట కొత్తవాళ్ల మీద నిజంగానే దయలేనిది. ఆరితేరిన సైనికులు తర్వాతి ఘట్టాలకు కూడా వస్తారు, తలకి 20 బంగారం ఇచ్చి పిలుచుకోవచ్చు. రెండో ఘట్టంలో వాళ్లని పోగొట్టుకుంటే ఆ దెబ్బ ఆరో ఘట్టంలో తెలుస్తుంది, అప్పటికి దిద్దుకునే దారుండదు. పాచికల ఊగిసలాట కూడా ఎక్కువే. అది గిట్టనివాళ్లు కథ ఎంచుకునే తెరలోనే అదృష్టం పాత్ర తగ్గించే ఎంపిక పెట్టుకోవచ్చు, లేదా పాచికల పాత్ర చాలా తక్కువగా ఉండే ‘ఇన్‌టు ది బ్రీచ్’ అనే మరో ఆట కొనుక్కోవచ్చు.

కాబట్టి లోడ్ చేయాలనిపిస్తే ఘట్టం మొదటి టర్న్‌కి చేయండి, దాడికి కాదు. చేసేముందు గణాంకాల తెర తెరవండి. ఇచ్చిన దెబ్బ లెక్కకంటే బాగా తక్కువుంటే పాచికలు తిట్టుకుని అదే పన్నాగం మళ్లీ ఆడొచ్చు. లెక్కకి దగ్గరగా ఉండీ ఓడితే, మొదటి రాత్రి మీ వరస ఎక్కడ నిలబడిందో చూసుకోండి.